స్టీరింగ్ కాలమ్‌ను బాక్స్‌కు కలపడం ఎలా: సొంతంగా కట్టుకునే బండి కోసం

పాత టాటా 407 చాసీ మీద వేరే బండి క్యాబిన్ ఎక్కించేవాళ్లు, మాన్యువల్ స్టీరింగ్ బాక్స్ తీసేసి పవర్ స్టీరింగ్ పెట్టించుకునేవాళ్లు మన నల్లగొండ, పాలమూరు వైపు తక్కువేం కాదు. ఇంజిన్, గేరుబాక్స్, బాడీ దాకా పని బాగానే సాగుతుంది. తీరా స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి క్యాబిన్‌లోని కాలమ్ (స్టీరింగ్ చక్రం నుంచి కిందికి దిగే షాఫ్టు, దాని గొట్టం) ఒక దిక్కు, చాసీ మీది బాక్స్ (ఆ తిప్పుడును టైర్ల వైపు పంపే గేర్ల డబ్బా) ఇంకో దిక్కు చూస్తుంటాయి. ఆ రెండింటి మధ్య జాగాలో ఏం పెట్టాలో తెలియక, ఉన్న షాఫ్టునే కోసి, నడుమ ఒక పైపు ముక్క పెట్టి వెల్డింగ్ కొట్టేస్తారు. దయచేసి మీ బండికి అలా చేయించుకోకండి. బ్రేకు పోతే గేరు దించుకోవచ్చు, హ్యాండ్‌బ్రేకు లాగొచ్చు. నడుస్తున్న బండిలో ఈ షాఫ్టు ఊడితే డ్రైవర్ చేయగలిగింది ఏమీ ఉండదు. ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణం కూడా దాని మీదే ఉంటుంది.

పని కష్టమేమీ కాదు. కోణం సరిగ్గా కొలవాలి, సరైన జాయింట్లు (వంపులో కూడా తిప్పుడును అందించే యూనివర్సల్ జాయింట్లు) కొనాలి, వాటిని సరైన వరుసలో కూర్చాలి, బోల్టు నియమం ప్రకారం బిగించాలి. అన్నిటికీ లేత్ మిస్త్రీ అక్కర్లేదు గానీ ఓపిక మాత్రం కావాలి.

ముందు కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కాబట్టి చాసీ మీద పానా పెట్టక ముందే మీ జిల్లా రవాణా ఆఫీసుకు వెళ్లి, మీరు అనుకున్న మార్పుకు అనుమతి దొరుకుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయండి. బండి మిల్లు ఆవరణ దాటదులే అనుకున్నా కింద చెప్పిన పనిలో ఒక్కటి కూడా తగ్గించకూడదు. హమాలీలు తిరిగేది ఆ ఆవరణలోనే కదా.

బాక్స్, కాలమ్ రెండూ ముందు పక్కాగా బిగాలి

నడుమ షాఫ్టు గురించి ఆలోచించే ముందు రెండు కొసలూ కదలకుండా ఉండాలి. టాకాలు (చిన్న వెల్డింగ్ చుక్కలు) వేసి నిలబెట్టిన బాక్స్ మీద కొలతలు తీసుకుంటే, తర్వాత ఫుల్ బిగించినప్పుడు కోణం మారిపోతుంది. చాసీ పట్టీ మీద బాక్స్ కూర్చునే చోట కంపెనీ బ్రాకెట్ దొరికితే అదే వాడండి. లేకపోతే మందపాటి ప్లేటు కొట్టించి, బోల్టులు చాసీ ఆరపార వెళ్లేలా పెట్టండి. చాసీ మూసిన డబ్బా ఆకారంలో ఉంటే బోల్టు చుట్టూ లోపల గట్టి పైపు బుష్ ఉండాలి. లేకపోతే బిగించే కొద్దీ చాసీ రేకు లోపలికి నొక్కుకుపోయి, కొన్నాళ్లకు బాక్స్ వదులవుతుంది.

దిశ ఇక్కడే చూసుకోవాలి. వేరే మోడల్ బండి నుంచి తెచ్చిన బాక్స్ అయితే, డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి బయటికి వచ్చి ఊగే చెయ్యి) ముందుకు చూసే రకమా, వెనక్కి చూసే రకమా, డ్రాగ్ లింక్ (ఆ చెయ్యిని టైర్ల వైపు కలిపే కడ్డీ) యాక్సిల్‌కు ఏ పక్క తగులుతుంది అన్నదాన్ని బట్టి టైరు తిరిగే దిక్కు మారుతుంది. చూడ్డానికి అంతా కుదిరినట్టే ఉంటుంది, తీరా స్టీరింగ్ చక్రాన్ని కుడికి తిప్పితే టైర్లు ఎడమకు పోతాయి. బాక్స్ బిగించాక లోపలికి వెళ్లే షాఫ్టును చేత్తో కుడికి తిప్పి, టైర్లు ఎటు తిరుగుతున్నాయో చూశాకే ముందుకు వెళ్లండి. విదేశీ వీడియోలు చూసి పని నేర్చుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అక్కడ చాలా దేశాల్లో డ్రైవర్ ఎడమ పక్క కూర్చుంటాడు. వాళ్ల బాక్స్, వాళ్ల సైలెన్సర్ దారి, వాళ్లు చెప్పే ఖాళీలు మన బండికి ఉన్నదున్నట్టు సరిపోవు.

కాలమ్‌ను డ్యాష్ దగ్గర ఒకచోట, కింద క్యాబిన్ ఫ్లోర్ దగ్గర ఇంకోచోట పట్టించాలి. కాలమ్ అడుగున బేరింగ్ గానీ బుష్ గానీ తప్పకుండా ఉండాలి. అది అరిగిపోయి ఉంటే లోపలి షాఫ్టు ఊగుతుంది, ఎంత ఖరీదైన జాయింట్ పెట్టినా ప్లే, అంటే వదులు కదలిక, పోదు. క్యాబిన్ పాతదైతే ముందు ఆ బుష్ మార్చేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కాలమ్ తెచ్చుకుంటే బ్యాటరీ తీసేసి, చక్రం తిరగకుండా కట్టేసి పెట్టండి. కింద షాఫ్టు విడిగా ఉన్నప్పుడు చక్రాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పితే లోపల చుట్ట చుట్టి ఉండే రిబ్బన్ వైరు తెగిపోతుంది.

బాక్స్ నడిమధ్యను కనుక్కోవడం

డ్రాగ్ లింక్ విప్పి, బాక్స్ షాఫ్టును ఒక కొస దాకా నెమ్మదిగా తిప్పండి. కొసకు తగిలాక బలవంతం చేయకండి, లోపలి గోటీల (ఉక్కు గుండ్ల) దారి పాడవుతుంది. అక్కడి నుంచి రెండో కొస దాకా ఎన్ని చుట్లు వస్తాయో లెక్కపెట్టండి. నాలుగున్నర వస్తే రెండుంపావు వెనక్కి రండి. అదే నడిమధ్య. గోటీల బాక్సుల్లో సరిగ్గా ఆ జాగాలో కొద్దిగా బిగువు తగులుతుంది. బాక్స్‌ను ఆ విధంగానే తయారు చేస్తారు, నేరుగా వెళ్లేటప్పుడు ప్లే ఉండకూడదని. షాఫ్టు మీద, బాక్స్ మీద కలిపి ఒక తెల్ల పెయింట్ గీత పెట్టేయండి.

ఇప్పుడు టైర్లు నేరుగా పెట్టి, డ్రాగ్ లింక్ పొడవు సర్దుకుంటూ డ్రాప్ ఆర్మ్‌కు బిగించండి. చాలామంది ఇక్కడే వరుస తిప్పేస్తారు. ముందుగా స్టీరింగ్ చక్రాన్ని నేరుగా పెట్టేసి, టైర్లు పక్కకు ఉంటే డ్రాగ్ లింక్‌తో సర్దుతారు. అప్పుడు బండి నేరుగా పోతున్నా బాక్స్ నడిమధ్యలో ఉండదు. ప్లే ఉండే భాగంలోనే ఎప్పుడూ నడుస్తుంది, ఒక పక్కకు ఎక్కువ, ఇంకో పక్కకు తక్కువ తిరుగుతుంది. టైర్లకూ బాక్స్‌కూ మధ్య సర్దుబాటు డ్రాగ్ లింక్‌తో చేయాలి. బాక్స్‌కూ చక్రానికీ మధ్య సర్దుబాటు స్టీరింగ్ చక్రం తీసి, షాఫ్టు పళ్ల మీద కొద్దిగా జరిపి పెట్టుకోవాలి. ఈ రెండూ కలపకూడదు.

పళ్ల లెక్క

బాక్స్ షాఫ్టు కొస మీద సన్నటి పళ్లు ఉంటాయి. కాలమ్ కొస మీద అలాంటి పళ్లే ఉండొచ్చు, రెండు పక్కలా చెక్కిన చదును షాఫ్టు ఉండొచ్చు. పళ్ల సంఖ్య ఒకటే అయినా మందం వేరుగా ఉండే షాఫ్టులు ఉన్నాయి, మందం ఒకటే అయినా పళ్లు వేరుగా ఉండేవీ ఉన్నాయి. రెండూ కొలవాలి.

మందానికి వెర్నియర్ వాడండి. పళ్లు లెక్కపెట్టడానికి తేలికైన దారి కాగితం. షాఫ్టును కిరోసిన్‌తో శుభ్రంగా తుడిచి, ఒక తెల్ల కాగితం ముక్కను చుట్టూ బిగువుగా చుట్టి, పెన్సిల్‌ను అడ్డంగా పెట్టి రుద్దండి. ప్రతి పన్ను మీదా నల్ల గీత పడుతుంది. కాగితం విప్పి, ఒకదాని మీద ఒకటి పడ్డ భాగం వదిలేసి గీతలు లెక్కపెట్టండి. ఒక పన్ను విరిగినా, వెల్డింగ్ చిమ్మి పడ్డ మచ్చ ఉన్నా ఆ కాగితం మీదే తెలిసిపోతుంది. కొన్ని షాఫ్టుల మీద ఒక చోట పళ్లు లేకుండా చదునుగా ఉంటుంది, జాయింట్ ఒకే తీరులో కూర్చోవాలని. అది ఎటు ఉందో కూడా కాగితం మీద రాసుకోండి.

ఆ కాగితం, కొలత చీటీ పట్టుకొని దుకాణానికి వెళ్లండి. సూర్యాపేటలోనో హైదరాబాద్ ఆటోనగర్‌లోనో అడిగితే రకరకాల జాయింట్లు చూపిస్తారు. వీలైతే బాక్స్‌నే తీసుకెళ్లి జాయింట్ ఎక్కించి చూడటం మంచిది. చేత్తో నెట్టితే జారి ఎక్కాలి, బోల్టు పెట్టక ముందే కదిలించి చూస్తే గడగడలాడకూడదు. సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వస్తే అది మీ జాయింట్ కాదు. బాక్స్ షాఫ్టు మీద పడ్డ ప్రతి దెబ్బా లోపలి బేరింగుల మీద పడుతుంది.

స్క్రాప్‌లో తీసిన జాయింట్ తక్కువకు వస్తుంది. తీసుకోవాలంటే క్రాస్‌ను (జాయింట్ నడుమ ఉండే ప్లస్ ఆకారపు ముక్కను) నాలుగు వైపులా వంచి చూడండి. ఎక్కడైనా ఇసుక నమిలినట్టు కరకరలాడినా, ఒక చోట పట్టేసినా వదిలేయండి. యాక్సిడెంట్ బండిది అని తెలిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు. నా మాట వింటే ఈ ఒక్క సామాను కొత్తదే కొనండి.

కోణం కొలవడం

ఫోనులో లెవెల్ చూపించే యాప్ చాలు. బండి సమతలం మీద, టైర్ల మీద నిలబడి ఉండాలి, జాకీల మీద కాదు. పక్క నుంచి చూసినట్టు కాలమ్ వాలు ఎంత, బాక్స్ షాఫ్టు వాలు ఎంత రాసుకుని తేడా తీయండి. తర్వాత పై నుంచి చూసినట్టు కూడా తేడా తీయాలి. కాలమ్ డ్రైవర్ కాళ్ల మధ్య ఉంటే, బాక్స్ చాసీ బయటి పక్కన ఉంటుంది కాబట్టి అడ్డంగా కూడా వంపు ఉంటుంది. దీన్ని మరిచిపోతేనే లెక్క తప్పుతుంది. పక్క చూపులో 20 డిగ్రీలు, పై చూపులో 15 డిగ్రీలు ఉంటే అసలు కోణం సుమారు 25 డిగ్రీలు.

ఒక జాయింట్ సుమారు 30 డిగ్రీల దాకా మోయగలదు. కొన్నిటికి కంపెనీ 35 దాకా ఒప్పుకుంటుంది. కానీ మోయగలగడం వేరు, సాఫీగా తిరగడం వేరు. ఒంటి క్రాస్ వంపులో ఉన్నప్పుడు పై షాఫ్టు ఒకే వేగంతో తిరిగినా కింది షాఫ్టు అలా తిరగదు. 15 డిగ్రీల దగ్గర ఆ తేడా మూడున్నర శాతమే, చేతికి తెలియదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి ఒక చోట 13 శాతం నెమ్మదిగా, ఇంకో చోట 15 శాతం వేగంగా, ఒక్క చుట్టులో రెండేసి సార్లు మారుతుంది. మలుపులో చక్రం ఒకచోట బరువుగా, ఒకచోట తేలిగ్గా అనిపించేది అందుకే. డ్రైవర్లు బాక్స్ పోయిందనుకుని బాక్స్ మార్పిస్తారు, తప్పు మాత్రం కోణంలో ఉంటుంది.

అందుకని 20 డిగ్రీల లోపైతే ఒక జాయింట్‌తో సరిపెట్టుకోవచ్చు, అది కూడా జారే షాఫ్టుకు జాగా ఉంటే. దాటితే రెండు జాయింట్లు, నడుమ ఒక షాఫ్టు. మొత్తం 40 డిగ్రీలు ఉంటే రెండింటికీ చెరి 20 వచ్చేలా నడిమి షాఫ్టు సాగాలి. ఒకదానికి 8, ఇంకోదానికి 32 వచ్చేలా పెడితే రెండు జాయింట్లు పెట్టిన ప్రయోజనమే ఉండదు. ఇంజిన్ అడ్డం వచ్చి మూడు జాయింట్లు తప్పకపోతే, నడుమ వచ్చే రెండు షాఫ్టుల్లో ఒకదాన్ని చాసీకి బిగించిన ఒక బేరింగ్ పట్టుకోవాలి. ఆ బేరింగ్ లేకుండా మూడు జాయింట్లు పెడితే, చక్రం తిప్పినప్పుడు బాక్స్ తిరగడానికి బదులు షాఫ్టే మడత పడుతుంది.

ఇనుము కోయక ముందు కర్రతో గానీ నీళ్ల పీవీసీ పైపుతో గానీ దారి చూసుకోండి. సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కు కనీసం రెండు వేళ్ల ఎడం ఉండాలి, అంతకంటే ఎక్కువైతే ఇంకా మంచిది. ఎండాకాలం నల్లగొండలో 45 డిగ్రీలు దాటే ఎండకు తోడు ఆ వేడి కూడా తగిలితే గ్రీజు కారిపోతుంది, రబ్బరు పగిలిపోతుంది. ఇంకొకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి రేస్ ఇప్పించండి. ఇంజిన్ ఒక పక్కకు ఊగుతుంది కదా, ఆ ఊపులో కూడా పైపుకు ఏదీ తగలకూడదు. క్లచ్ రాడ్, బ్రేకు పైపులు, వైర్లు కూడా చూసుకోండి.

పొడవు, జారే షాఫ్టు

క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద ఊగుతుంది, చాసీ మెలిక పడుతుంది. సాగర్ కాలువ కట్ట ఎక్కి పొలం బాటలోకి దిగే లోడు బండిని పక్క నుంచి చూడండి, క్యాబిన్‌కూ చాసీకీ మధ్య సందు ఎంత మారుతుందో కనిపిస్తుంది. నడిమి షాఫ్టు ఒకే ముక్క అయితే ఆ కదలిక అంతా బాక్స్ బేరింగ్ మీద, కాలమ్ బుష్ మీద పడుతుంది. అందుకే ఒకదానిలో ఒకటి జారే రెండు ముక్కల షాఫ్టే వాడాలి. ఎదురుగా గుద్దుకున్నప్పుడు కాలమ్ డ్రైవర్ ఛాతీ మీదికి రాకుండా లోపలికి ముడుచుకునేది కూడా ఈ జారుడు వల్లే.

బండి టైర్ల మీద ఉన్నప్పుడు షాఫ్టు జారుడు నడిమధ్యలో ఉండేలా పొడవు తీసుకోండి. పూర్తిగా సాగినప్పుడు కూడా లోపలి ముక్క బయటి ముక్కలో బెత్తెడు తగ్గకుండా ఉండాలి. పూర్తిగా ముడుచుకున్నా కొసకు తగలకూడదు. క్యాబిన్ ముందుకు వంగే రకమైతే సొంత తెలివి వాడకండి. ఆ క్యాబిన్‌కు కంపెనీ ఇచ్చిన జారుడు షాఫ్టే సంపాదించి, క్యాబిన్‌ను పూర్తిగా వంచి, మళ్లీ దించి, రెండు చివరలా చూసుకోండి.

జారే చోట గ్రీజు పెట్టి రబ్బరు తొడుగు తొడగండి. వానాకాలం దమ్ము పొలాల పక్క నడిచే బండికి తొడుగు లేకపోతే బురద పోయి షాఫ్టు పట్టేస్తుంది.

కూర్చడం

రెండు జాయింట్ల వరుస చాలా ముఖ్యం. నడిమి షాఫ్టుకు రెండు కొసలా ఉన్న యోక్‌లు, అంటే క్రాస్‌ను పట్టుకునే కొమ్ముల జతలు, ఒకే తీరులో ఉండాలి. షాఫ్టును బల్ల మీద పడుకోబెట్టి ఒక కొస నుంచి కన్ను పెట్టి చూడండి. ఇటు కొమ్ములు నిలువుగా ఉంటే అటు కొమ్ములూ నిలువుగానే కనిపించాలి. అలా ఉంటే మొదటి జాయింట్ చేసిన తేడాను రెండోది సరిచేస్తుంది. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే రద్దు కావాల్సిన తేడా రెట్టింపవుతుంది. 20 డిగ్రీల జాయింట్లు రెండిటితోనే 13 శాతం దాకా ఎగుడుదిగుడు వస్తుంది. సన్నటి పళ్ల షాఫ్టుల్లో ఒక పన్ను అటూ ఇటూ కావడం తేలిక కాబట్టి, సరిపోయాక పెయింట్ గీత పెట్టుకోండి. పక్క వంపు, పై వంపు రెండూ ఎక్కువగా ఉన్న బండిలో మాత్రం ఈ సూటి వరుస నుంచి కొద్దిగా తిప్పాల్సి రావొచ్చు. చక్రం ఒక చుట్టు తిప్పుతూ ఎక్కడా బిగువు మారని చోటు వెతికి అక్కడ నిలపండి.

షాఫ్టును జాయింట్‌లోకి ఎంత దూరం పంపాలన్నది కూడా చూడాలి. తక్కువ పోతే పళ్లు సగమే పట్టుకుంటాయి. ఎక్కువ పోయి కొస లోపలికి పొడుచుకొస్తే, జాయింట్ వంగినప్పుడు క్రాస్ దానికి తగిలి టక్కుమని ఆగుతుంది. షాఫ్టు కొస యోక్ లోపలి అంచుతో సమంగా ఉండాలి. జాయింట్‌ను రెండు వైపులా పూర్తిగా వంచి తిప్పి చూసి తృప్తి పడండి.

బిగింపు బోల్టు షాఫ్టు మీది గాడిలోంచి పోయే రకమైతే, బోల్టు పూర్తిగా తీస్తేనే జాయింట్ ఎక్కుతుంది. ఎక్కాక బోల్టు చేత్తోనే దూరాలి. దూరట్లేదంటే గాడి ఎదురుగా రాలేదని అర్థం, సుత్తితో దించకండి. ఆ బోల్టు గాడిలో ఉంటే, వదులైనా జాయింట్ జారిపోదు. సెట్ స్క్రూ రకమైతే షాఫ్టు మీద స్క్రూ ముక్కు కూర్చునేలా చిన్న గుంట డ్రిల్ చేసి, థ్రెడ్ లాకర్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) వేసి, పైన ఇంకో నట్టుతో లాక్ చేయాలి. నున్నటి షాఫ్టు మీద స్క్రూ బిగించి వదిలేయడం చాలా ప్రమాదం.

బోల్టు తల మీద 8.8 గానీ 10.9 గానీ అంకె ఉండాలి, కంపెనీ ఏది చెప్తే అది. అంకె లేని బోల్టు డబ్బాలోంచి ఏరి పెట్టకండి. లోపల నైలాన్ ఉండే నట్టు ఒకసారి విప్పితే పారేసి కొత్తది వేయండి. టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) కంపెనీ చెప్పినంతే బిగించండి. ఆ తర్వాత నట్టు మీద, జాయింట్ మీద కలిపి పసుపు రంగు గీత గీయండి. తర్వాత అది వదులైతే ఆ గీత విరిగి కనిపిస్తుంది, కింద పడుకుని చూస్తే చాలు.

పాత బాక్స్ మీద గుండ్రటి రబ్బరు కప్లింగ్ ఉంటే దాన్ని కోణం తిప్పడానికి వాడకండి. అది అదురు ఆపడానికే, రెండు మూడు డిగ్రీలకు మించి వంగితే చిరుగుతుంది.

ఇక వెల్డింగ్. జాయింట్‌లో క్రాస్ చుట్టూ సూది బేరింగులు, గ్రీజు, సీలు ఉంటాయి. పక్కన వెల్డింగ్ కొడితే వేడికి అవి పోతాయి. షాఫ్టు ఉక్కు కూడా వెల్డింగ్ పక్కన పెళుసు బారుతుంది. పగులు బయటికి కనిపించకుండా పెరిగి ఒకరోజు తెగుతుంది. పళ్లు కుదిరే జాయింట్ ఖరీదైనా తెప్పించుకోండి, లేదా లేత్ మీద పళ్లు కోసే తెలిసిన చోట ఒకే ముక్కలో షాఫ్టు చేయించుకోండి.

నడపక ముందు

ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టండి. ఇంజిన్ ఆపి ఉండగానే చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చాలాసార్లు తిప్పండి. ఒకరు పైన తిప్పుతుంటే ఇంకొకరు కింద టార్చి వేసి ప్రతి జాయింట్‌నూ చూడాలి. ఎక్కడైనా పట్టేసినా, బిగువు మారినా మళ్లీ కోణానికి, వరుసకు వెళ్లండి. యాక్సిల్ మీది స్టాపర్ బోల్టులు (టైర్లు అంతకు మించి తిరగకుండా ఆపేవి) బాక్స్ లోపలి కొస కంటే ముందే తగలాలి. లేకపోతే బరువంతా బాక్స్ గేర్ల మీద పడుతుంది, అవసరమైతే స్టాపర్ సర్దండి. టైర్లు బ్రేకు హోసులకు రాసుకోకూడదు.

పవర్ బాక్స్ అయితే ఆయిల్ నింపి, ఇంజిన్ ఆఫ్‌లోనే తిప్పుతూ గాలి పోనిచ్చి, తర్వాత స్టార్ట్ చేయండి. చక్రం వదిలేసినప్పుడు తనంతట తాను ఒక పక్కకు తిరిగిపోతే షాఫ్టు ఎక్కడో అంటుకుని వాల్వును నొక్కుతోందని అనుమానించండి, ముందు జారుడు చూడండి.

టైర్లు నేల మీద దించి, ఖాళీ మైదానంలో నడక వేగంతో మొదలుపెట్టండి. మలుపు తిప్పి చెయ్యి సడలిస్తే చక్రం తనంతట తాను వెనక్కి రావాలి. రాకపోతే ఎక్కడో బిగువు ఉంది. లోడు లేకుండా ఊరి రోడ్డు మీద కొంత తిరిగాక ఆపి పసుపు గీతలు చూడండి. 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి టార్క్ పానా మళ్లీ వేయండి. లోడుతో ఒక ట్రిప్పు తిరిగాక ఇంకోసారి చూడాలి, ఎందుకంటే చాసీ అసలు మెలిక అప్పుడే పడుతుంది. ఈ గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయని నమ్మకం కుదిరే దాకా హైవే వేగం వద్దు, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాటు అసలే వద్దు.

ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ నిపుల్ ఉన్న జాయింట్లకు గ్రీజు కొట్టించండి, తొడుగు చిరిగిందేమో చూడండి. డ్రైవర్‌ను పైన కూర్చోబెట్టి చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించమనండి. మీరు కింద జాయింట్ మీద వేలు పెట్టి ఉంచండి. పై యోక్ కదిలి కింది యోక్ కదలడానికి ఏమాత్రం ఆలస్యమైనా వేలికి తెలుస్తుంది. అది తెలిసిన రోజే జాయింట్ మార్చేయండి.